మూడు శాతం సర్‌చార్జి గొడవ: ముడి పడింది 2008లో

మసాచుసెట్స్‌లో కమ్యూనిటీ ప్రిజర్వేషన్ యాక్ట్ (ఖాళీ స్థలాలు, పాత కట్టడాలు, పార్కులు, అందుబాటు ధర ఇళ్ల కోసం ఊళ్లు ఓటేసి చేరే చట్టం) కింద వేసే అదనపు పన్నును, అంటే సర్‌చార్జిని తగ్గించాలా, ఎత్తేయాలా అన్న వాదన మళ్లీ ఊరివాళ్లు ఓటేసే టౌన్ మీటింగుల దాకా వచ్చింది. యాక్టన్, వెస్ట్‌ఫర్డ్‌లలో ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలూ ఇది కడుతున్నవే. ఇది ఇంటి విలువ మీద కాదు, ఆస్తి పన్ను మీద వేసేది. 6 లక్షల డాలర్ల ఇంటికి వెయ్యికి 10 డాలర్ల చొప్పున పన్ను 6,000 అయితే, 3 శాతం సర్‌చార్జి 180 డాలర్లు. మొదటి లక్ష డాలర్ల విలువకు మినహాయింపు పెట్టుకున్న ఊళ్లో 150.

వ్యతిరేకులు ప్రధానంగా అనేది ఒకటే: మనం డాలర్ వేస్తే రాష్ట్రం ఇంకో డాలర్ వేస్తుందన్నారు, వేయడం లేదు. 2002 నుంచి 2007 వరకు నిజంగానే నూటికి నూరు వచ్చింది. కానీ 2000 నాటి ఈ చట్టం హామీ ఇచ్చింది నూరు కాదు. 5 నుంచి 100 శాతం మధ్య ఎంతైనా కావచ్చని అందులోనే రాసి ఉంది. ఆ ట్రస్ట్ ఫండ్‌లోకి (రాష్ట్రం వాటా ఇచ్చే నిధిలోకి) డబ్బు వచ్చేది ఆస్తి పత్రాలు నమోదు చేసే డీడ్స్ రిజిస్ట్రీలో ఒక్కో పత్రానికి వసూలయ్యే 20 డాలర్ల రుసుము నుంచి. రీఫైనాన్సులు (పాత ఇంటి అప్పు తీర్చి కొత్తది తీసుకోవడం) ముమ్మరంగా సాగినన్నాళ్లు, చేరిన ఊళ్లు కొన్నే కాబట్టి, అందరికీ నిండుగా అందింది. తర్వాత ఊళ్లు పెరిగాయి, ఇళ్ల మార్కెట్ కూలింది. చేరిన ఊళ్లన్నింటికీ రాష్ట్రం పంచే తొలి విడత వాటా 2008లో సుమారు 68 శాతానికి, 2009లో 35కి, 2010లో 27కి దిగింది. నేటి కోపానికి మూలం ఈ మూడేళ్లే.

శాసనసభ ఊరుకోలేదు. 2012లో బడ్జెట్ మిగులు నుంచి నిధులు కలిపింది, పాత పార్కుల మరమ్మతుకూ వాడుకోనిచ్చింది. 2019లో రుసుమును 50 డాలర్లు చేసింది. అయితే 2016లో ఓటేసిన బోస్టన్ కూడా పంచుకునేవాళ్లలో చేరింది. 2022 తర్వాత వడ్డీలు పెరగడంతో పత్రాలు మళ్లీ తగ్గాయి.

కాబట్టి పొరపాటు సర్‌చార్జిది కాదు, గ్రాంటును ముందే ఖర్చులో రాసుకున్న బడ్జెట్లది. ఆ గ్రాంటు, అంటే రాష్ట్రం వాటా, నవంబరులో, గడిచిన ఏడాది వసూళ్ల మీద లెక్కకట్టి వస్తుంది. అందుకే చట్టం కూడా స్థానిక సర్‌చార్జి రాబడి మీదే బాండ్లతో అప్పు తీసుకోనిస్తుంది.

పన్ను భారం వృద్ధులను నలిపేస్తుందన్న మాటలో న్యాయం ఉంది. దానికి మందు చట్టంలోనే ఉంది: తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు, తక్కువ లేదా మధ్యస్థ ఆదాయం ఉన్న వృద్ధులకు పూర్తి మినహాయింపు. ఊరు విడిగా ఆమోదించాలి, ఇంటి యజమాని దరఖాస్తు పెట్టుకోవాలి. 3 శాతాన్ని సగానికి కోసేస్తే మాత్రం 3 శాతం వేసే ఊళ్లకే రాష్ట్రం నుంచి వచ్చే రెండో, మూడో విడతలూ పోతాయి.

ఎత్తేయడానికి ఊరు చేరి అయిదేళ్లు నిండాలి. నిండాక ఓటేసి రద్దు చేసినా, స్థలం కొనడానికో పాత టౌన్ హాల్ బాగుచేయడానికో తెచ్చిన అప్పు తీరేదాకా సర్‌చార్జి బిల్లులో వస్తూనే ఉంటుంది.