గోతిక్ చర్చిల రాతి ఆకులు: అపోహలు – వాస్తవాలు

గోతిక్ అంటే మొనదేలిన కమానులు, ఎత్తైన పైకప్పులతో సాగిన మధ్యయుగ యూరప్ నిర్మాణశైలి. ఆ కాలపు చర్చిలలోని ఆకుల చెక్కడాల గురించి, పాత రాతి కట్టడాల పరిరక్షణలో పనిచేసే మాబోటి వాళ్లకు తరచూ వినబడే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: గోతిక్ చర్చిని అడవిని చూసి కట్టారు.

వాస్తవం: స్కాట్లండ్‌కు చెందిన సర్ జేమ్స్ హాల్ 18వ శతాబ్ది చివర విల్లో కర్రలతో చిన్న చర్చి కట్టించి మరీ ఈ వాదం చేశారు. చూడముచ్చటైన ఊహే గాని, పైకప్పులోని రాతి ఈనెలు (కప్పు మీదుగా సాగే సన్నని రాతి కమానులు) వంపు ఆకృతిని నిర్ణయించడానికీ, కట్టే పనిని సులువు చేయడానికీ వచ్చినవి. కొమ్మలను నిజంగానే అనుకరించిన పైకప్పులు జర్మనీలో 1500 ప్రాంతంలో, అంటే 1140లలో పారిస్ శివార్లలోని సాన్ డెనీలో గోతిక్ శైలి రూపుదిద్దుకున్న మూడున్నర శతాబ్దాల తర్వాత, కనిపిస్తాయి.

అపోహ: శిల్పులు మొదటినుంచీ పెరటి మొక్కలను చూసే చెక్కారు.

వాస్తవం: గోతిక్‌కు ముందు చాలా స్తంభశీర్షాలపై కనిపించేది రోమన్ల నుంచి వారసత్వంగా వచ్చిన అకాంథస్ (మధ్యధరా ప్రాంతపు మొక్క) ఆకు. ఇంగ్లండ్‌లోని వెల్స్ కెథడ్రల్‌లో (బిషప్ ఉండే ప్రధాన చర్చిలో) 12వ శతాబ్ది చివర మొదలైన ముడుచుకున్న దళసరి ఆకులు ఏ మొక్కవీ కావు. అసలు మొక్కను గుర్తుపట్టగలిగే చెక్కడం 13వ శతాబ్దిలో ఫ్రాన్స్‌లోని రీమ్స్, జర్మనీలోని నౌమ్‌బుర్గ్ వంటి చోట్ల వికసించింది. నా దృష్టిలో దాని శిఖరం ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్‌షైర్‌లోని సౌత్‌వెల్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చి. ఆ శతాబ్ది చివర కట్టిన అక్కడి ఎనిమిది కోణాల సభామందిరంలో ఓక్, మేపుల్, హాథార్న్, హాప్, ఐవీ, ద్రాక్ష ఆకులను విడివిడిగా పోల్చుకోవచ్చు. ఆకు వెనుక రాయిని ఉలితో ఎంత లోతుగా తొలిచారంటే, ఆకు శీర్షానికి అతుక్కోకుండా తన నీడ మీద తానే నిలబడినట్టుంటుంది. కాడలు ఒకదానిమీదుగా ఒకటి దాటిపోతాయి, ఒకచోట ఓక్ కింద పందులు రాలిన కాయలు మేస్తుంటాయి. అయినా అది అచ్చుగుద్దిన నకలు కాదు: ఏ ఆకు ఎటు తిరగాలో నిర్ణయించింది శీర్షం ఆకారమే.

అపోహ: ప్రతి ఆకుకూ ఒక రహస్యార్థం ఉంది, ఆకుల నడుమ కనిపించే ముఖం అన్యమత వనదేవుడిది.

వాస్తవం: "నేను నిజమైన ద్రాక్షావల్లిని" అన్న యోహాను సువార్త మాట తెలిసినవారికి ద్రాక్ష తీగను వివరించనక్కరలేదు. మేపుల్‌కో, హాప్‌కో అంతటి అర్థాన్ని అంటగట్టడానికి గట్టి ఆధారం కావాలి. ఆ ముఖాలకు "గ్రీన్ మ్యాన్" అన్న పేరు స్థిరపడింది లేడీ రాగ్లన్ 1939లో రాసిన వ్యాసంతోనే. ఆ వనదేవుడి కథకు మధ్యయుగపు రాతల్లో ఆసరా దొరకదు.

అపోహ: రాతిని రంగు వేయకుండా వదిలేశారు.

వాస్తవం: మధ్యయుగ చర్చిలలో రంగులు, బంగారు పూత మామూలే. అయితే 1248లో ప్రతిష్ఠించిన పారిస్‌లోని సాంత్ షాపెల్ అనే రాజ ప్రార్థనామందిరంలో నేడు మెరిసే రంగుల్లో అధికభాగం 19వ శతాబ్ది పునరుద్ధరణలో వేసినవే. వాటిని చూసి అసలు రంగుల ఛాయను నిర్ధారించడం తొందరపాటవుతుంది.