అభిరుచి సంఘాలు, బీమా అమ్మకం, పన్ను మినహాయింపు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో మనవాళ్లు నడుపుకొనే క్రికెట్ లీగులు, ఫోటోగ్రఫీ క్లబ్బులు, ట్రెక్కింగ్ బృందాల వంటి, పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంఘాల లెక్కలు చూసి, ఏటా అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు వాటి వార్షిక నివేదిక అయిన ఫారమ్ 990 దాఖలు చేసిపెట్టడం నా వృత్తి. ఆ ఖాతాల్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టే పద్దు బీమా. మైదానం కేటాయించే ముందు నగర పార్కుల విభాగం లయబిలిటీ ఇన్సూరెన్స్ (ఇతరులకు జరిగే నష్టానికి పరిహారం చెల్లించే బీమా) సర్టిఫికెట్ అడుగుతుంది కనుక లీగులు పాలసీ తీసుకోక తప్పదు. చిక్కంతా సభ్యులకు బీమా అమ్మి, దాన్ని ఆదాయ మార్గంగా మార్చుకోవాలని చూసినప్పుడే మొదలవుతుంది.

అపోహ: వచ్చిన డబ్బు మంచి పనులకే ఖర్చవుతుంది కాబట్టి దానిపై పన్ను ఉండదు.

వాస్తవం: డబ్బు ఎక్కడికి పోతోందన్నది కాదు, ఎలా వచ్చిందన్నదే చట్టం చూస్తుంది. 1986లో అమెరికా సుప్రీంకోర్టు అమెరికన్ బార్ ఎండోమెంట్ కేసులో తేల్చింది ఇదే. న్యాయవాదుల సంఘానికి అనుబంధమైన ఆ దాతృత్వ సంస్థ సభ్యులకు గ్రూపు బీమా ఇప్పించేది. క్లెయిములు తక్కువగా ఉండటంతో బీమా కంపెనీలు తిరిగి ఇచ్చే మిగులును సభ్యులు తనకే వదిలిపెట్టాలని షరతు పెట్టి, ఆ సొమ్మును దాతృత్వానికి వాడేది. అయినా అది వ్యాపారమేనని, సంస్థ ఆశయంతో సంబంధం లేని ఆ ఆదాయంపై పన్ను కట్టాల్సిందేనని కోర్టు తీర్పు చెప్పింది. మిగులు వదులుకున్నందుకు విరాళం కింద తగ్గింపు కోరిన సభ్యులకు కూడా ఊరట దక్కలేదు. బార్ సంఘం అనుబంధ సంస్థకే తప్పనిది వారాంతపు క్రికెట్ లీగుకు తప్పుతుందనుకోవడానికి ఆధారం లేదు.

అపోహ: అలాగైతే బీమా మాట ఎత్తినా మినహాయింపు పోతుంది.

వాస్తవం: పోదు. క్లబ్బు తన కార్యకలాపాల కోసం పాలసీ కొని, ఆ ఖర్చును సభ్యత్వ రుసుములో కలుపుకోవడం మామూలు నిర్వహణ ఖర్చే. అదే బీమాను విడిగా, ఇష్టమున్నవారికి, కొన్న ధర కంటే ఎక్కువకు అమ్మితే అది వ్యాపారమవుతుంది.

అపోహ: కంపెనీలకు ప్రీమియం కట్టడమెందుకు, తలా కొంత వేసుకుని మనమే ఒక నిధి పెట్టుకుంటే దాన్ని బీమా అనరు.

వాస్తవం: నాకు అన్నిటికంటే భయం కలిగించే ఆలోచన ఇదే, ఎందుకంటే ఇది మంచి మనసుతో పుడుతుంది. ఆటలో చెయ్యి విరిగిన కుర్రాడిని ఆదుకోవాలన్న తపనను నేను తప్పుపట్టను. కానీ "ఇంత కడితే, గాయమైనప్పుడు ఇంత ఇస్తాం" అని ముందుగానే మాట ఇచ్చిన క్షణంలో నష్టభయాన్ని మీ సంస్థ నెత్తిన వేసుకున్నట్టే, దాని పేరు ఏదైనా. 1986 పన్ను సంస్కరణ చట్టం చేర్చిన 501(ఎం) సెక్షన్ ప్రకారం 501(సి)(3) కింద ఉన్న దాతృత్వ సంస్థలు, 501(సి)(4) కింద ఉన్న సామాజిక సంక్షేమ సంస్థల కార్యకలాపాల్లో వాణిజ్య తరహా బీమా ఇవ్వడం గణనీయమైన భాగమైతే మినహాయింపే ఉండదు. గణనీయం కాకపోతే ఆ భాగానికి బీమా కంపెనీలా పన్ను కట్టాలి. బ్లూక్రాస్ బ్లూషీల్డ్ ఆరోగ్య బీమా సంస్థలు పూర్తి మినహాయింపు కోల్పోయింది ఆ చట్టంతోనే. ఇది కాక, బీమా వ్యాపారం రాష్ట్రాల నియంత్రణలో ఉంటుంది కనుక లైసెన్సు లేకుండా నిధి నడపడం వేరే నేరమయ్యే ప్రమాదం ఉంది. కష్టంలో ఉన్న వ్యక్తికి అవసరాన్ని బట్టి, ముందస్తు హామీ లేకుండా, విరాళాల నుంచి సాయం చేయడం మాత్రం బీమా కాదు.

అపోహ: మేం కంపెనీకి మా పేరు, సభ్యుల జాబితా ఇస్తాం, అంతే. అది రాయల్టీ (పేరు, జాబితా వంటివి వాడుకోనిచ్చినందుకు వచ్చే రుసుము) కాబట్టి పన్ను లేదు.

వాస్తవం: ఇందులో కొంత నిజముంది. 1996లో పర్యావరణ సంస్థ సియెరా క్లబ్ కేసులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు, సభ్యుల జాబితాలను అద్దెకిచ్చి పొందిన సొమ్మును రాయల్టీగానే అంగీకరించింది. అయితే పేరు, జాబితా ఇవ్వడంతో ఆగకుండా ప్రీమియంలు వసూలు చేసి, దరఖాస్తులు నింపిపెట్టి, సభ్యులను ఒప్పించే పని కూడా చేస్తే అది సేవకు ప్రతిఫలమే తప్ప రాయల్టీ కాదు. పైగా మీ క్లబ్బు 501(సి)(7) కింద సామాజిక క్లబ్బుగా నమోదై ఉంటే ఈ రాయల్టీ మినహాయింపు వర్తించదు.

చాలామంది కోశాధికారులకు తమ క్లబ్బు ఏ సెక్షన్ కింద ఉందో తెలియకపోవడం నన్ను బాధిస్తుంది. సామాజిక క్లబ్బుల విషయంలో 1976 నాటి కాంగ్రెస్ నివేదికలు పెట్టిన హద్దు ప్రకారం, పెట్టుబడి ఆదాయంతో సహా సభ్యేతర ఆదాయం మొత్తం రాబడిలో 35 శాతం దాటకూడదు. అందులోనూ బయటివారు క్లబ్బు సౌకర్యాలు వాడుకున్నందుకు వచ్చేది 15 శాతం లోపే ఉండాలి. బీమా కమీషన్‌ను ఈ 35 శాతంలో సర్దేయవచ్చని కొందరు అనుకుంటారు. ఆ హద్దు క్లబ్బులు సంప్రదాయంగా చేసే పనులకే ఉద్దేశించినది. సంప్రదాయేతర వ్యాపారం నామమాత్రాన్ని దాటితే, కొన్నవారు సభ్యులే అయినా, క్లబ్బు హోదాకే ముప్పు.

ఇప్పటికే ఇలాంటి సొమ్ము ఖాతాలో పడి ఉంటే దాచవద్దు. సంబంధం లేని వ్యాపారపు స్థూల ఆదాయం ఏడాదికి 1,000 డాలర్లు చేరితే ఫారమ్ 990-టి దాఖలు చేయాలి. కార్పొరేషన్‌గా నమోదైన సంస్థ నికర ఆదాయంపై 21 శాతం పన్ను కట్టాలి. ఈ వారాంతంలో ఐఆర్‌ఎస్ ఇచ్చిన మినహాయింపు ఉత్తరాన్ని, బీమా బ్రోకరుతో చేసుకున్న ఒప్పందాన్ని పక్కపక్కన పెట్టుకుని చదవండి.