ఊది చేసే రంగు గాజు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో మా గాజు కొలిమి దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది కూజా చేతిలోకి తీసుకుని ముందు గోటితో గీకి చూస్తారు. "రంగు పోదు కదన్నా?" అంటారు.

అపోహ: రంగు పైన పూస్తారు.

పూసిన సరుకూ బజారులో ఉంది, అది గీకితే పోతుంది. కరిగిన గాజుని గొట్టంతో ఊది చేసే వస్తువులో రంగు లోపలే ఉంటుంది. ఇసుక, సోడా, సున్నపురాయి కరిగేటప్పుడే లోహాల ఆక్సైడ్లు కలుపుతారు. కోబాల్ట్ వెయ్యిలో ఒక వంతు పడినా చాలు, ముదురు నీలం వస్తుంది. రాగి ఆకాశనీలం ఇస్తుంది, మాంగనీసు ఊదా. మాలాంటి చిన్న కొలిముల్లో రంగులేని గాజు ముద్ద తీసి, దానికి రంగు గాజు పొడి అద్దుతాం, అది వేడికి కరిగి ముద్దలో కలిసిపోతుంది. రెండు గాజులూ చల్లారేటప్పుడు ఒకే తీరున కుదించుకోవాలి, లేకపోతే పగుళ్లిస్తాయి.

అపోహ: ఎర్ర గాజంటే బంగారం కలిపిందే.

ఈ మాట చెప్పి ధర పెంచి అమ్మేవాళ్లున్నారు, నమ్మకండి. ఎర్ర గాజులో ఎక్కువ భాగం సెలీనియం, కాడ్మియంతోనో రాగితోనో చేసిందే. బంగారంతో చేసేదీ నిజంగా ఉంది. బంగారాన్ని రాజద్రావకం అనే గాఢ ఆమ్లాల మిశ్రమంలో కరిగించి చాలా కొద్దిగా కలుపుతారు. కరిగి బయటికి వచ్చినప్పుడు ఆ గాజులో ఎరుపే కనబడదు. కాస్త చల్లారనిచ్చి మళ్లీ వేడి చేస్తే లోపలి బంగారం కంటికి కనబడని రేణువులుగా చేరి, అప్పుడు ఎరుపు పుడుతుంది. వేడి చాలకపోతే రంగు రాదు, ఎక్కువైతే మడ్డిగా మారుతుంది. నాకు ఈ పనిలో ఇంతకంటే ఇష్టమైన ఘట్టం లేదు.

అపోహ: ఊదడానికి బలమైన ఊపిరి కావాలి.

చిన్నగా ఊది గొట్టం చివర బొటనవేలితో మూస్తే చాలు, లోపలి గాలి వేడికి వ్యాకోచించి బుడగ తనే పెరుగుతుంది. అసలు కష్టం గొట్టాన్ని ఆపకుండా తిప్పడం. ఆగితే ముద్ద కిందికి జారిపోతుంది. గాజు పనికి పేరున్న ఉత్తరప్రదేశ్ ఊరు ఫిరోజాబాద్‌లో నాకు పని నేర్పిన ఉస్తాద్ ముందు తిప్పడమే నేర్పారు.

అపోహ: ఆకారం వచ్చాక బయట పెడితే చల్లారిపోతుంది.

మన తిరుపతి ఎండైనా సరే, మండే గాజుకి చల్లగాలే. పైభాగం ముందు బిగుసుకుని, లోపల ఒత్తిడి మిగిలి, గంటల తర్వాతైనా చిట్లుతుంది. అందుకే సుమారు 500 డిగ్రీలున్న పెట్టెలో పెట్టి మెల్లగా చల్లారుస్తాం. చిన్న వస్తువుకే రాత్రంతా పడుతుంది, మందమైతే రోజులు. సాయంత్రం రైలుంది, ఇప్పుడే ఇచ్చేయండి సామీ అంటే ఇవ్వను. అడ్రసు రాసిచ్చి వెళ్లండి, చల్లారాక పార్సిల్ చేస్తాను.