వింత జీవిని చూసినవారి మాట: అపోహలు, వాస్తవాలు

వింత జీవిని చూశామని చెప్పేవారి కథనాలను ఉన్నది ఉన్నట్లు రాసుకొని, వాటిలో మాటల కూర్పు ఎలా ఉందో, ఏ మాట ఏ అనుమానానికి ముందే జవాబుగా వచ్చిందో పరిశీలించడం నా వృత్తి. ఆ జీవి ఉందా లేదా అన్నది జంతుశాస్త్రజ్ఞులు తేల్చవలసిన విషయం. నా పని గురించి తరచుగా ఎదురయ్యే కొన్ని అపోహలను ఇక్కడ చర్చిస్తున్నాను.

అపోహ: కథనాన్ని విశ్లేషించడమంటే చెప్పిన మనిషి అబద్ధమాడాడని తేల్చడమే.

వాస్తవం: సాక్షులు మాతో మాట్లాడడానికి వెనుకాడేది ఈ అపోహ వల్లనే కాబట్టి దీనిని ముందు చెబుతున్నాను. "పొలానికి నీళ్ళు కట్టి ఇంటికి వస్తున్నాను, అంతలో గట్టు మీద ఏదో కదిలింది, మొదట కుక్కేమో అనుకున్నాను" అని ఒకరు చెప్పారనుకుందాం. నీళ్ళు కట్టి వస్తున్నానన్న మాట, తాను వింతల కోసం వెతుకుతూ తిరిగే మనిషిని కానని చెబుతోంది. కుక్కేమో అనుకున్నానన్న మాట, తన బుద్ధి మొదట మామూలు కారణం వైపే వెళ్ళిందని చెబుతోంది. బ్రిటన్ పరిశోధకుడు రాబిన్ వూఫిట్, అతీంద్రియ అనుభవాల కథనాలలో "నేను ఫలానా పని చేసుకుంటున్నాను, అంతలో" అన్న ఈ అమరిక మళ్ళీ మళ్ళీ కనిపించడాన్ని గమనించారు. అయితే కళ్ళెదుట బస్సు బోల్తా పడడం చూసిన మనిషి కూడా ఇలాగే చెబుతాడు. ఎదుటివారు నమ్మరేమోనన్న బెరుకు ఉన్నచోట మాట ఇలాగే అమరుతుంది. అందువల్ల ఈ అమరికను బట్టి కథనం అబద్ధమని చెప్పలేము, నిజమనీ చెప్పలేము.

అపోహ: సాక్షి చదువుకున్నవారు, పరువు గలవారు అయితే ఆ మాటను నమ్మవచ్చు.

వాస్తవం: స్కాట్లాండ్‌లోని లాక్ నెస్ సరస్సులో వింత జీవి కనిపించిందన్న వార్తను ఇన్వర్నెస్ కొరియర్ పత్రిక 1933 మే 2న ప్రచురించింది. అందులో సాక్షుల పేర్లు లేవు. ఇన్వర్నెస్ దగ్గర నివసించే పేరున్న వ్యాపారి అనీ, విశ్వవిద్యాలయ పట్టభద్రురాలైన ఆయన భార్య అనీ మాత్రమే ఉంది. ఆ యోగ్యతాపత్రం ఇచ్చింది వార్త రాసిన అలెక్స్ క్యాంప్‌బెల్. కథనంలో గౌరవ వాచకం కనిపించినప్పుడల్లా అది ఎవరి నోట వచ్చిందని అడగడం మాకు మొదటి పాఠం. మరుసటి ఏడాది డెయిలీ మెయిల్‌లో వచ్చిన ప్రసిద్ధమైన ఫొటోకు, దానిని ఒక శస్త్రవైద్యుడు తీశాడన్న మాట వల్ల వచ్చిన "సర్జన్ ఫొటో" అన్న పేరే అరవై ఏళ్ళ పాటు అండగా నిలిచింది. అది బొమ్మ జలాంతర్గామికి తల, మెడ అతికించి తీసిన ఫొటో అని 1994లో బయటపడింది.

అపోహ: అడుగులు, అంగుళాలతో సహా చెబితే సాక్షి బాగా చూసినట్లే.

వాస్తవం: 1933 జులైలో అదే సరస్సు పక్కన రోడ్డు దాటుతున్న జీవిని చూశానన్న జార్జ్ స్పైసర్, పత్రికకు రాసిన ఉత్తరంలో దాని పొడవు ఆరు నుంచి ఎనిమిది అడుగులన్నారు. తర్వాతి కథనాలలో అది ఇరవై ఐదు అడుగులు దాటిపోయింది. ఇందులో నాకు దురుద్దేశం కనిపించదు; చెప్పిన ప్రతిసారీ విన్నవారి ఆశ్చర్యం కూడా జ్ఞాపకంలో కలుస్తుంది. మన ఊళ్ళలో సాక్షి "ఇంత ఎత్తుంది" అని చెయ్యి ఎత్తి చూపుతాడు, రాసుకునేవాడు ఆ చేతిని "ఐదడుగులు" అని రాసేస్తాడు. అందుకని నేను సాక్షిని గోడ పక్కన నిలబెట్టి, చెయ్యి ఆగినచోట సుద్దముక్కతో గీత గీసి, టేపుతో కొలుస్తాను. మర్నాడు మళ్ళీ అడిగి, ఇంకొక గీత గీస్తాను.

అపోహ: ఇంతమంది చెబుతుంటే అబద్ధమెలా అవుతుంది?

వాస్తవం: 2001 మే నెలలో ఢిల్లీని వణికించిన "కోతి మనిషి"ని చూశామన్నవారు ఎందరో ఉన్నారు. నల్లని వెంట్రుకల కోతి అని కొందరు, హెల్మెట్ పెట్టుకుందని కొందరు, ఇనుప గోళ్ళున్నాయని కొందరు చెప్పారు. ఆ భయంతో మేడ మీద నుంచి పడి ప్రాణాలు కోల్పోయినవారు ఉన్నారు కాబట్టి దీనిని వినోదంగా చూడడం నాకు సాధ్యం కాదు. పేరు ఒక్కటే, రూపాలు అనేకం: అంటే సాక్షులందరికీ ఉమ్మడిగా ఉన్నది ఆ పేరే. ప్రశ్న కూడా జవాబును మలుస్తుంది. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ పరిశోధకులు కార్ల ప్రమాదం చలనచిత్రాన్ని చూపి, కొందరిని కార్లు "గుద్దుకున్నప్పుడు" వేగమెంతని, మరికొందరిని "నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు" వేగమెంతని అడిగారు. వారం తర్వాత, చిత్రంలో లేనే లేని పగిలిన గాజును చూశామని మొదటి యాభై మందిలో ఏడుగురు చెబితే, రెండవ యాభై మందిలో పదహారుగురు చెప్పారు.

అపోహ: సాక్షి పొరబడ్డారంటే ఏమీ చూడలేదనే అర్థం.

వాస్తవం: 2017లో విశాఖపట్నంలో "గ్రహాంతరవాసులు" అంటూ ప్రచారమైన వీడియోలో నిటారుగా నిలబడిన సన్నని ఒళ్ళు, తెల్లని ముఖాలు, నల్లని కళ్ళు నిజంగానే ఉన్నాయి. అవి గుడ్లగూబ పిల్లలు. చూసింది తప్పు కాదు, పెట్టిన పేరే తప్పు.

అపోహ: పత్రికలో వచ్చిన కథనమే అసలు వాంగ్మూలం.

వాస్తవం: తెలుగువారికి ఈ విషయం వ్యాకరణమే నేర్పుతుంది. "వచ్చింది" అంటే చూసిన మాట, "వచ్చిందట" అంటే విన్న మాట. ఒక కథనం నోటి నుంచి కాగితం మీదికి ఎక్కేటప్పుడు మొదట రాలిపోయేది ఈ "ట". నేను సేకరించిన ప్రతి కథనంలో "ట" ఉన్నచోటల్లా ఎర్ర సిరాతో సున్నా చుట్టి, అదే సంగతి అచ్చులో వచ్చినప్పుడు పక్కన పెట్టి చూస్తాను. ఆ అక్షరం ఎక్కడ మాయమైందో అక్కడి నుంచి వెనక్కి ఒక్కొక్క ఇల్లే అడుగుతూ, మొదట చెప్పిన మనిషి కోసం బయలుదేరుతాను.