మచ్చలు చూసి వరసలు కలపొద్దు: పిల్లి కుటుంబం మీద అపోహలు - వాస్తవాలు

చెరకు కొట్టడం మొదలైందంటే నా ఫోన్‌కి తెరిపి ఉండదు. విజయనగరంలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతాను. జిల్లాలో ఎక్కడ ఏ జంతువు కనబడినా ఫోటో నాకు రావడం ఆనవాయితీ అయిపోయింది. వచ్చేవాటిలో చాలావరకు "పులి" ఫోటోలే. నిజంగా పులి ఉన్నవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒంటి మీద చారలో చుక్కలో కనబడ్డా, పేరు చివర పిల్లి అనో పులి అనో ఉన్నా మనం వరస కలిపేస్తాం. అక్కడే తప్పుతుంది లెక్క.

అపోహ: చెరకు తోటలో దొరికిన చారల కూనలు పులిపిల్లలే.

కిందటేడు నెల్లిమర్ల వైపు ఒక పల్లెకు రమ్మంటే వెళ్లాను. తట్టలో గోనెసంచి పరిచి రెండు కూనల్ని పడుకోబెట్టారు. పక్కన గిన్నెలో ఆవుపాలు. చుట్టూ ఊరు ఊరంతా.

"చారలున్నాయి కదా బాబూ, పులి కాకపోతే మరేటి?" అన్నాడొక పెద్దాయన.

"చేతిలోకి తీసుకుని చూడు తాతా, బరువేమైనా ఉందా?" అన్నాను. రెండూ ఒక్క దోసిట్లో ఇమిడిపోయాయి. పెద్దపులి కూన పుట్టినప్పుడే కిలో దాకా తూగుతుంది. ఇవి అడవిపిల్లి కూనలు. అడవిపిల్లికి చిన్నప్పుడు ఒళ్లంతా చారలుంటాయి. పెరిగేకొద్దీ అవి చెరిగిపోయి ఒళ్లు ఇసకరంగుకు తిరుగుతుంది. కాళ్ల మీదా తోక చివరా మాత్రం కొన్ని గీతలు మిగులుతాయి. కాళ్లు పొడుగు, తోక పొట్టి, చెవి కొసన చిన్న నల్ల కుచ్చు. పేరుకు అడవిపిల్లి గానీ దట్టమైన అడవితో దానికి పెద్దగా పనిలేదు. చెరువు గట్టు, రెల్లు గడ్డి, చెరకు తోట, ఎలుకలున్న ఏ చేనైనా చాలు.

ఆవుపాలు పట్టడం ఆపించి, తట్టను తీసిన చోటే పెట్టించి, అందరినీ ఇళ్లకు పంపేశాం. తెల్లారేసరికి తట్ట ఖాళీ. తల్లి వచ్చి నోట కరుచుకుని పోయింది. అలాగని దొరికిన ప్రతి కూనా అడవిపిల్లిదే అనుకోవద్దు. మహారాష్ట్రలో చిరుతపులులు చెరకు తోటల్లోనే ఈనుతున్నాయి. అందుకే చేతులు పెట్టకుండా ముందు ఫారెస్టు వాళ్లకు చెప్పాలి.

ఇంకో మాట. మన ఇంటిపిల్లి ఈ అడవిపిల్లిని మచ్చిక చేస్తే వచ్చింది కాదు. రెండూ ఫెలిస్ అనే ఒకే ప్రజాతివి, అంటే దగ్గరి జాతుల గుంపువి, అంతవరకే. ఇంటిపిల్లి మూలం ఆఫ్రికాలోనూ పశ్చిమాసియాలోనూ తిరిగే వేరే పిల్లి. అక్కడ మనుషులు ధాన్యం నిలవ చేయడం మొదలుపెట్టాక గాదెల్లో ఎలుకలు చేరాయి, ఎలుకల వెనకే అది చేరింది. సైప్రస్ దీవిలో దాదాపు 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లి ఎముకలు దొరికాయి.

అపోహ: పిల్లి పులికి అత్త, విద్యలన్నీ నేర్పి చెట్టెక్కడం ఒక్కటీ దాచుకుంది.

కథ బాగుంటుంది, నేనూ మా పిల్లలకు చెప్పాను. కానీ వరస అది కాదు. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ సింహాన్నీ పులినీ చిరుతపులినీ ఇంటిపిల్లినీ ఒకే ప్రజాతిలో పెట్టేశాడు. ఇప్పుడు డీఎన్ఏ చూసి లెక్క తేల్చారు. 2017 నాటి వర్గీకరణ ప్రకారం పిల్లి కుటుంబంలో 41 జాతులు, ఎనిమిది శాఖలు. అందరికంటే ముందు వేరుపడింది పెద్ద పిల్లుల శాఖ, సుమారు కోటి ఏళ్ల కిందట. మన ఇంటిపిల్లి ఉన్న శాఖ ఆఖర్న విడిపోయినవాటిలో ఒకటి. అంటే పులికి పిల్లి అత్తా కాదు, అమ్మమ్మా కాదు. ఎప్పుడో ఆస్తి పంచుకుపోయిన దూరపు దాయాది.

పెద్ద పిల్లుల్లో కూడా చూపుకు తోచే వరస నిలవదు. పులికి దగ్గరి చుట్టం సింహం అనుకుంటాం. కాదు, హిమాలయాల్లో ఉండే మంచు చిరుత. సింహానికి దగ్గరివి చిరుతపులి, అమెరికా ఖండపు జాగ్వార్. గిర్ సింహాలనేమో పశ్చిమ, మధ్య ఆఫ్రికా సింహాలతో కలిపి ఒకే ఉపజాతిగా లెక్కేస్తున్నారు. ఇది మొదట చదివినప్పుడు నాకూ నమ్మబుద్ధి కాలేదు. ఇక అమెరికాలోని ప్యూమా పెద్ద చిరుతపులంత ఉంటుంది, కానీ గాండ్రించదు, ఇంటిపిల్లిలా గురగురలాడుతుంది. వంశం చూసినా అది ఇంటిపిల్లి వైపే. ఒంటి సైజుకూ చుట్టరికానికీ సంబంధం లేదన్నమాట.

అపోహ: చిరుత అన్నా చీతా అన్నా ఒకటే.

ఈ గందరగోళం పూర్తిగా మన భాషలోనే ఉంది. "భూమ్మీద వేగంగా పరుగెత్తే జంతువు చిరుత" అని బిట్ పేపర్లో రాస్తాం. అదే రోజు పేపర్లో "పొలాల్లో చిరుత సంచారం" అని చదువుతాం. మొదటిది చీతా, రెండోది చిరుతపులి. చీతా ఒంటి మీద విడివిడిగా నిండు నల్ల చుక్కలుంటాయి, కంటి మూల నుంచి నోటి దాకా కన్నీటి చారలా నల్ల గీత దిగుతుంది. చిరుతపులి మచ్చలు గుత్తులుగా, మధ్యలో బోలుగా ఉంటాయి, ముఖాన ఆ గీత ఉండదు. చుట్టరికం ఇంకా దూరం. చీతా దగ్గరి బంధువు ఇందాక చెప్పిన ప్యూమా. చిరుతపులి సింహాల వైపుది. మన దేశంలో చీతాలు అంతరించాయని 1952లో ప్రకటించారు. 2022 సెప్టెంబర్‌లో నమీబియా నుంచి ఎనిమిదింటిని తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కునోలో వదిలారు. కాబట్టి మన పొలాల్లో తిరిగేది చీతా కాదు, దానికంత తీరిక లేదు.

నల్ల చిరుత కూడా వేరే జాతి కాదు. రంగు ఎక్కువైన మామూలు చిరుతపులే. ఎండలో నిలబడితే ఆ నలుపు కిందే మచ్చలు కనబడతాయి.

అపోహ: పునుగుపిల్లి పిల్లే, దుమ్ములగొండి కుక్కే.

రెండూ తప్పే. పునుగుపిల్లి, తాటితోపుల్లోనూ ఇంటి అటకల మీదా తిరిగే మానుపిల్లి వేరే కుటుంబానికి చెందినవి. మూతి కోసుగా ఉంటుంది, పళ్లు బాగా తింటాయి. పిల్లి జాతులకు తీపి రుచే తెలియదు, ఆ జన్యువు వాటిలో పాడైపోయింది. ఉద్దానం వైపు నుంచి ఒకాయన జీడితోటలో "చిరుతపిల్ల" అని పంపిన వీడియోలో ఉన్నది మానుపిల్లే, హాయిగా పనసపండు తింటోంది.

దుమ్ములగొండి సంగతి దీనికి తలకిందులు. నడక, తల, అడుగుల్లో గోళ్ల గుర్తులు, అన్నీ కుక్కవే. కానీ మాంసాహార జంతువుల్లో రెండు పెద్ద వర్గాలున్నాయి, పిల్లి వైపు ఒకటి, కుక్క వైపు ఒకటి. దుమ్ములగొండి పిల్లి వైపుది. ముంగిసా అటే. పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు గానీ దుమ్ములగొండి ఏ వాతా పెట్టుకోలేదు. ఆ చారలు పుట్టుకతో వచ్చినవే, పులి దగ్గర అప్పు తెచ్చుకున్నవీ కావు.

అపోహ: నీళ్లంటే పిల్లులన్నింటికీ పడదు.

బావురుపిల్లి నీళ్లలోకి దూకి చేపలు పడుతుంది. కాకినాడ దగ్గర కోరంగి మడ అడవుల్లో, ఇటు ఒడిశాలో చిలికా సరస్సు దగ్గర ఉంది. దాని సొంత బంధువులు చిరుతపిల్లి, తుప్పురంగు చుక్కల పిల్లి. చిరుతపిల్లికి చుక్కల వల్ల ఆ పేరొచ్చింది గానీ చిరుతపులితో ఏ సంబంధమూ లేదు. తుప్పురంగు చుక్కల పిల్లి కిలో, కిలోన్నరకు మించదు. ప్రపంచంలోనే అతి చిన్న పిల్లుల్లో అదొకటి. దాన్ని కూడా పులిపిల్ల అంటే ఇక చెప్పేదేముంది.

అపోహ: పెద్ద అడుగు కనబడితే పెద్దపులే.

ఒడిశా వైపు నుంచి అప్పుడప్పుడు పెద్దపులి మన వైపు వస్తుంది, అది నిజమే. కానీ తడిసిన మట్టిలో అడుగు విచ్చుకుని, ఉన్నదానికంటే పెద్దగా కనబడుతుంది. ముందు గోళ్లు చూడండి. పిల్లి జాతులు చాలావరకు నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి, గుర్తు పడదు. గోళ్ల గీతలుంటే చాలావరకు ఊరకుక్కో దుమ్ములగొండో అయి ఉంటుంది. పాదం మెత్త వెనక అంచు మూడు వంపులుగా ఉంటే పిల్లి కుటుంబానిదే, అప్పుడు సైజు చూడాలి. నాకు ఫోటో పంపేవాళ్లకు ఒక్క మనవి. అడుగు పక్కన అగ్గిపెట్టె పెట్టండి, సరిగ్గా పైనుంచి తీయండి, మీ చెప్పు గుర్తు దాని మీద పడకుండా చూసుకోండి. మొన్న ఒక ఫోటోలో నాకు కనబడింది చెప్పు గుర్తొక్కటే.