మెంటరింగ్‌లో అనుభవం విలువ: పర్లాకిమిడి నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని గజపతి జిల్లాలో కొత్తగా చేరిన ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు సీనియర్లను తోడుగా కుదిర్చి, ఆ సీనియర్లకు మెంటరింగ్‌లో శిక్షణ ఇవ్వడం నా పని. ఇంట్లో తెలుగో, ఇక్కడి గిరిజనుల భాష సవరో మాట్లాడే పిల్లలు ఒడియా పుస్తకంతో చదువు మొదలుపెట్టే ఈ సరిహద్దులో, ఏ శిక్షణ పుస్తకంలోనూ లేని తెలివిడి పాత ఉపాధ్యాయుల దగ్గర ఉంది. దాన్ని గౌరవిస్తున్నామని అందరమూ అంటాము గాని, ఆ గౌరవం ఎక్కువగా శాలువాతో ఆగిపోతోంది.

అపోహ: అనుభవజ్ఞులు తమకు తెలిసింది చెబితే చాలు, కొత్తవారు నేర్చుకుంటారు.

వాస్తవం: నేనూ అలాగే అనుకుని, పదవీ విరమణకు దగ్గరపడిన ఒక టీచరు గారి చేత రెండు గంటల ఉపన్యాసం ఏర్పాటు చేశాను. పిల్లలను ప్రేమగా చూడాలని, ఓపిక ఉండాలని చెప్పి ఆవిడ పావుగంటలో ముగించారు. తప్పు ఆవిడది కాదు, నాది. తరువాత ఆవిడ రెండో తరగతిలో వెనక కూర్చున్నాను. తీసివేత లెక్క సగంలో ఉండగా, ఆవిడ హఠాత్తుగా ఆపి చింతపిక్కలు బయటికి తీశారు. ఎందుకని అడిగితే, "ఏమోనండీ, అలా అనిపించింది" అన్నారు. ఆ క్షణంలో ఏం కనబడిందని మళ్లీ అడిగాను. "చివర కూర్చున్న పిల్ల నేను దగ్గరికి వెళ్లేలోగా పలక తుడిచేసింది. లెక్క వచ్చినవాళ్లు పలక ఎత్తి చూపిస్తారు, రానివాళ్లు తుడిచేస్తారు కదండీ" అన్నారు.

1980లలో అమెరికాలో గ్యారీ క్లెయిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అగ్నిమాపక దళాల అధికారులను ప్రశ్నించినప్పుడు, వారు తాము ప్రత్యామ్నాయాలను పోల్చి నిర్ణయాలు తీసుకోవడం లేదన్నారు. జరిగినదాన్ని ఘట్టం తరువాత ఘట్టంగా తిరిగి చెప్పించినప్పుడే, వారు ఏ గుర్తులను చూసి కదిలారో బయటపడింది. మా టీచరు గారి పలక సంగతీ అంతే. అందుకే మా శిక్షణలో "ఎందుకు చేశారు" అనే ప్రశ్న కన్నా "అప్పుడు ఏం చూశారు" అనే ప్రశ్నను ముందుంచాము.

అపోహ: సర్వీసు ఎంత ఎక్కువైతే మెంటర్ అంత మంచివారు.

వాస్తవం: 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్‌సన్ బృందం బెర్లిన్ వయొలిన్ విద్యార్థుల మీద చేసిన అధ్యయనం గడిచిన ఏళ్ల కన్నా, లోపాలను గుర్తించి సరిదిద్దుకుంటూ చేసే సాధనకే ప్రాధాన్యం ఇచ్చింది. మెంటర్‌ను ఎంచుకునేటప్పుడు నేను సీనియారిటీ జాబితా చూడను. ఈ మధ్య మానేసిన బోధన పద్ధతి ఏదని అడుగుతాను. జవాబు లేనివారిని వచ్చే ఏడాదికి ఆపుతాను. దీనివల్ల కొందరికి నా మీద కోపం ఉంది.

అపోహ: నేర్చుకునేవారు ఖాళీ కుండలు.

వాస్తవం: పెద్దవాళ్లు నేర్చుకునేటప్పుడు వారి పూర్వానుభవమే ముఖ్యమైన వనరని వయోజన విద్యలో పేరుపొందిన అమెరికన్ విద్యావేత్త మాల్కం నోల్స్ ఎప్పుడో చెప్పారు. సంతలో తండ్రి కొట్టు దగ్గర పెరిగిన ఒక కొత్త ఉపాధ్యాయుడికి సవరలో అంకెలు వచ్చు. ఇరవై ఏళ్ల సర్వీసున్న ఆయన మెంటర్‌కు రావు. ఇద్దరినీ ఒకరి పాఠంలో ఒకరిని కూర్చోబెడితే, ఎవరు ఎవరికి నేర్పుతున్నారో చెప్పడం కష్టమైంది. ఈ పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు, సవర భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. నేర్పినవారి పేరు మాత్రం మనలో చాలామందికి తెలియదు.

అపోహ: మెంటరింగ్, కోచింగ్ ఒకటే.

వాస్తవం: మెంటర్ తన అనుభవాన్ని పంచుతారు, కోచ్ ప్రశ్నలు అడిగి ఎదుటివారి ఆలోచనను బయటికి తెస్తారు. (మా ప్రాంతంలో కోచింగ్ అంటే బరంపురంలో పోటీ పరీక్షలకు చదివించే చోటు, కాబట్టి ఈ మాటను ప్రతిసారీ వివరించవలసి వస్తోంది.)

అపోహ: రిటైరైనవారి పని అయిపోయింది.

వాస్తవం: 2020 జాతీయ విద్యా విధానం ప్రతిపాదించిన జాతీయ మెంటరింగ్ మిషన్ పదవీ విరమణ చేసిన అధ్యాపకులనూ లెక్కలోకి తీసుకుంది. మా దగ్గర అలాంటివారిని ఉపన్యాసానికి కాకుండా, వారానికి ఒక పూట కొత్త ఉపాధ్యాయుడి తరగతిలో వెనక బల్ల మీద కూర్చోవడానికి పిలుస్తాము. వారికి శాలువాకు బదులు రానుపోను బస్సు ఛార్జీలు, మధ్యాహ్న భోజనం ఇప్పించమని ప్రతి సమావేశంలోనూ అడుగుతున్నాను. ఈ ఏడాది మూడు పాఠశాలలకు ఒప్పుకున్నారు.