గోలీ తిరిగొచ్చిందని దంచకండి

మొన్న ఒకామె జడ్చర్లలో మా మెడికల్ షాపుకొచ్చి ఫోన్‌లో ఫొటో చూపించింది. "అన్నా, మా మామకిచ్చే షుగర్ గోలీ దొడ్డికి పోతే అట్లనే బయటపడుతున్నది. అంతా ప్లాస్టికేనట గద, వాట్సాప్‌ల వచ్చింది."

నెలకు ఇద్దరు ముగ్గురైనా ఇదే మాటతో వస్తారు. ప్లాస్టిక్ కాదు, నకిలీ కాదు, అది మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్, అంటే మందును మెల్లగా వదిలే రకం షుగర్ గోలీ. అందులో హైప్రోమెలోజ్ అనే పాలిమర్ ఉంటుంది, పత్తిలోనూ కట్టెలోనూ ఉండే సెల్యులోజ్ నుంచే దాన్ని చేస్తారు. నమ్మనివాళ్ల కోసం ఒక గోలీ గ్లాసు నీళ్లలో వేసి కౌంటర్ మీద పెడతాను. కాసేపటికి సబ్జా గింజలాగా చుట్టూ జిగురు పట్టి ఉబ్బుతుంది. కడుపులోనూ అంతే, ఆ జిగురులోంచి మందు గంటల తరబడి మెల్లగా దిగుతుంది, మిగిలిన ముద్ద మనకు అరగదు కాబట్టి ఒక్కోసారి గోలీ ఆకారంలోనే వచ్చేస్తుంది. షుగర్ అదుపులో ఉంటే టెన్షన్ అక్కర్లేదు. అదుపులో లేకపోయినా, విరేచనాలు అవుతున్నా డాక్టర్‌కు చెప్పండి.

నాకు భయమేసింది ఆ తర్వాతి మాటకు. "అందుకే రెండు దినాల సంది దంచి మజ్జిగల పోస్తున్న."

దంచితే ఆ జిగురు కట్టే పనే ఉండదు, రోజంతా దిగాల్సిన మందు ఒక్కసారే దిగుతుంది. మెట్‌ఫార్మిన్‌తో కడుపు గడబిడ అవుతుందేమో గానీ బీపీ గోలీలతో ఆటలొద్దు. నేను పోలేపల్లిలో మందుల ఫ్యాక్టరీలో, గోలీలకు పైపొర వేసే కోటింగ్ సెక్షన్‌లో డ్యూటీ చేసే రోజుల్లో మా పెద్దమ్మ ఇంట్లో పెద్దనాన్నకు నిఫెడిపిన్ రిటార్డ్ అనే, మెల్లగా దిగే బీపీ గోలీ దంచి తేనెలో నాకించేది, మింగలేడని. ఒకరోజు బీపీ పడిపోయి నీళ్ల తొట్టి పక్కన కూలబడ్డాడు. పొద్దంతా గోలీలకు కోటింగ్ వేసేవాణ్ణి, ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు.

ఎసిడిటీకి వేసే పాంటాప్రజోల్ గోలీ కూడా దంచొద్దు, పొట్టలోని యాసిడ్‌కు మందు పాడవకుండా కాపాడేది ఆ పైపొరే. గీత ఉన్న కొన్ని ఎస్ఆర్ గోలీలను సగం చేయొచ్చు, అదీ అడిగాకే.

వాట్సాప్‌లో ఇంకో మాట, క్యాప్సూల్ కాలిస్తే ప్లాస్టిక్ అని తేలిందట! చాలావాటి డొల్ల జెలటిన్, జంతువుల ఎముకలు, తోళ్ల నుంచి వచ్చే ప్రొటీన్, కాలిస్తే కమురు వాసన రాక మల్లెపూల వాసన వస్తదా? ఇక గోలీల్లో కలిపే పీఈజీ (పాలిఎథిలీన్ గ్లైకాల్) ప్లాస్టికే అంటారా, మలబద్ధకానికి పొడిగా ఇచ్చేది కూడా అదే. అరుదుగా కొందరికి దానితో అలర్జీ ఉంటుంది, ఆ మాట నిజం.

ఆమె మామ నిజంగానే మింగలేకపోతున్నాడట. డాక్టర్‌కు ఫోన్ చేస్తే ఎస్ఆర్ ఆపి, పూటకొకటి వేసే మామూలు మెట్‌ఫార్మిన్ రాశారు. అది దంచుకోవచ్చు.